రైతు భరోసా తక్కువ పడ్డది, పీఎం కిసాన్ ఆగింది: ఎవర్ని అడగాలె?

చెల్కరైతు (దేవరకొండ దిక్కు)

నమస్తే. మూడు ముచ్చట్లు అడగాలె, మూడూ పైసల ముచ్చట్లే.

నాన్న పాస్‌బుక్‌ల మూడు బై నంబర్లు (సర్వే నంబర్ల కింది ముక్కలు) ఉన్నయి. 118/ఆ ల 1.20, 118/ఈ ల 0.30, 121/అ ల 1.12. మొత్తం 3 ఎకరాల 22 గుంటలు. రైతుబంధు ఉన్నప్పుడు సీజన్‌కు 17,750 పడేది. ఇప్పుడు రైతు భరోసా ఎకరాకు 6,000 అయింది గదా, పెరగాలె. 2025 జూన్‌ల పడ్డయి 13,500. యాసంగిల కూడా గంతే. ఊళ్లె ఒకలు ‘మూడెకరాలు దాటితే కోత పెట్టిండ్రు’ అంటున్నరు, ఇంకొకలు ‘మిగిలినయి తర్వాత పడ్తయి’ అంటున్నరు.

రెండోది, అమ్మకు వేరే పాస్‌బుక్, 30 గుంటలు. ఈ ఏడు రెండు సీజన్లల్ల రూపాయి పడలే. ఖాతా గ్రామీణ బ్యాంకుల ఉన్నది, రైతుబంధు అదే ఖాతాల పడేది.

మూడోది, నాన్నకు పీఎం కిసాన్ 19వ విడత రాలే. 2025 ఫిబ్రవరి 24న అందరికీ పడ్డది. ఈ-కేవైసీ చేయించినం. ఆఫీసుల అడిగితే ‘పైనుంచే ఆగింది’ అంటున్నరు.

ఎవర్ని పట్టుకోవాలె, ఏ కాయిదాలు పట్టుకపోవాలె?

గట్టుమీది లెక్క

ముందు మొదటిది తేలుద్దాం, ఎందుకంటే మీరిచ్చిన అంకెల్లోనే జవాబు ఉంది.

ఎకరాకు 6,000 అంటే గుంటకు 150 (ఎకరం అంటే 40 గుంటలు). 13,500ని 150తో భాగిస్తే 90 గుంటలు, అంటే 2 ఎకరాల 10 గుంటలు. మీ 118/ఆ, 118/ఈ రెండూ కలిపితే సరిగ్గా 2.10. కాబట్టి ఇది ఎకరాల కోత కాదు. మూడెకరాల దగ్గర కోసి ఉంటే 18,000 పడేది. విడతల సంగతీ కాదు. 121/అ మొత్తానికే జాబితాలోంచి పోయింది. దాని 52 గుంటలకు రావాల్సిన 7,800 మీకు రాలేదు. అంతా కలిపి 21,300 రావాలి.

పాత 17,750 కూడా చూడండి. రైతుబంధు ఎకరాకు 5,000, గుంటకు 125. 17,750 అంటే 142 గుంటలు, మీ పూర్తి విస్తీర్ణం. అంటే రైతుబంధు చివరి విడత దాకా 121/అ లెక్కలో ఉంది. రైతు భరోసా మొదలుపెట్టే ముందు, 2025 జనవరి 16 నుంచి 20 దాకా సాగుకు పనికిరాని భూములను తీసేయడానికి ఊరూరా సర్వే చేశారు. వెంచర్లు, నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్పు) అయినవి, రోడ్లు, గోదాములు, గనులు, గుట్టలు. మీ ముక్క అందులో కొట్టుకుపోయి ఉంటుంది.

ఒక మాట చెప్పాలి. 3.22ను 6,000తో గుణించి 19,320 రావాలని దరఖాస్తులో రాసేవాళ్లు ఉన్నారు. పాస్‌బుక్‌లో చుక్క తర్వాత ఉన్నవి గుంటలు, దశాంశాలు కావు. తప్పు అంకె వేసుకుని పోతే కౌంటర్ దగ్గరే మాట పోతుంది.

121 నంబర్లో ఇంకెవరి భూమైనా ప్లాట్లు అయిందా? కాలువ కిందో, రోడ్డు కిందో పోయిందా?

చెల్కరైతు (దేవరకొండ దిక్కు)

ఔ అన్నా. 121 ల రోడ్డుకు ఆనుకున్న ముక్క వేరేటోళ్లది, ప్లాట్లు చేసిండ్రు. హద్దురాళ్లు కూడా ఉన్నయి. మాది దాని ఎనుక. ఇప్పుడు దాంట్ల పత్తి ఉన్నది.

పాలమూరు మోకా

అదే కారణం. జడ్చర్ల, భూత్పూర్ దిక్కు హైవే పొంటి ఊర్లల్ల ఇసొంటివి మస్తు ఉన్నయి. నాలా ఆర్డర్ల సర్వే నంబరు, విస్తీర్ణం ఉంటయి గని మోకా మీద (భూమి కాడ) ఏ దిక్కు ముక్కనో ఒక్కోసారి తేలదు. బై నంబరు విడగొట్టి పటం గీయకపోతే జాబితా రాసేటోళ్లు 121 అనంగనే కింద ఉన్న అ, ఆ, ఇ అన్నిటికీ టిక్కు పెట్టేస్తరు. ప్రాజెక్టుల కింద పోయిన భూములది గూడ ఇదే తీరు. అవార్డు (భూసేకరణ పరిహారం ఆర్డరు) పాసైంది పది గుంటలకైతే, మిగిలిన రెండెకరాలు గూడ ఆగుతయి.

ఇప్పుడు అసలు పని. మీసేవకు ఉరుకకండి. ముందు భూభారతి (సర్కారు భూమి రికార్డులు) పోర్టల్‌ల 121/అ కొట్టి చూడండి. రెండిట్ల ఒకటి అయితది.

అండ్ల మీ ముక్క వ్యవసాయ భూమి అనే ఉన్నదనుకోండి. అప్పుడు రెవెన్యూ రికార్డుల తప్పు లేదు, వ్యవసాయ శాఖ జాబితాల మాత్రమే పోయింది. ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి), మండల వ్యవసాయ అధికారికి దరఖాస్తు ఇస్తే సాలు. భూభారతిల పైసలు కట్టి సవరణకు పెట్టినా లాభం లేదు. రికార్డు మంచిగనే ఉన్నదని దాన్ని మూసేస్తరు.

అండ్లనే వ్యవసాయేతర అని పడ్డదనుకోండి, అప్పుడు ఏఈఓ చేతిల ఏం లేదు. రెవెన్యూ శాఖల రికార్డు సవరణ అయినంకనే వ్యవసాయ శాఖ లిస్టుల మారుతది. 2025 జూన్ 3 నుంచి 20 దాకా ఊర్లల్ల రెవెన్యూ సదస్సులు పెట్టిండ్రు గదా, అప్పుడు ఇచ్చి ఉంటే ఆ రశీదు తీసి పెట్టుకోండి. ఇయ్యకపోతే ఇప్పుడు ఇయ్యండి.

మస్తు మంది ఈ రెండు తేడా చూడకనే ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతరు. వీళ్లు ‘రెవెన్యూది’ అంటరు, వాళ్లు ‘అగ్రికల్చర్‌ది’ అంటరు. పోర్టల్ కాయిదం చేతిల ఉంటే ఆ మాట నడవదు.

గట్టుమీది లెక్క

పై మాటకు కలుపుతున్నా. దరఖాస్తు పొడుగ్గా అక్కర్లేదు. ఊరు, పట్టా ఖాతా నంబరు, పాస్‌బుక్ నంబరు, తర్వాత విషయం ఇట్లా రాయండి: ‘సర్వే నం. 121/అ, విస్తీర్ణం ఎ.1-12 గుం. ప్రస్తుతం పత్తి సాగులో ఉన్నది. 2025 జనవరి సర్వేలో సాగుకు యోగ్యం కానిదిగా నమోదై రైతు భరోసా నిలిచిపోయినది. మోకా మీద తనిఖీ చేసి అర్హుల జాబితాలో చేర్చగలరు.’ పడింది 13,500, పడాల్సింది 21,300 అని పై లెక్క కింద వేయండి.

జతచేయాల్సినవి: భూభారతి పహాణీ (భూమి, సాగు రికార్డు) ప్రింటు, పాస్‌బుక్ నకలు, 121/అకు ఈసీ (భూమి లావాదేవీల ధ్రువపత్రం). మీరు ఆ ముక్కలో ఏదీ అమ్మలేదని చూపించేది ఈసీయే. గత ఏడాది ఆ పంట అమ్మిన తక్‌పట్టీ (మార్కెట్‌లో ఇచ్చే అమ్మకం చీటీ) కానీ, సీసీఐ (పత్తి కొనే కేంద్ర సంస్థ) కేంద్రంలో అమ్మిన రశీదు కానీ ఉంటే పెట్టండి. అన్నిటికంటే బలమైనది పక్కవాళ్ల నాలా ఆర్డర్ నకలు. అందులో వాళ్ల విస్తీర్ణం ఎంతో రాసి ఉంటుంది. 121 మొత్తం విస్తీర్ణంలోంచి దాన్ని తీసేస్తే మీ 1.12 మిగులుతుందని ఒక్క చూపులో తెలుస్తుంది. పక్కవాళ్లు ఇవ్వకపోతే తహసీల్దార్ ఆఫీసులో సమాచార హక్కు కింద అడగవచ్చు, మండల ఆఫీసులో దరఖాస్తు రుసుము ఐదు రూపాయలే.

తనిఖీకి ఏఈఓ, ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఇద్దరూ వచ్చేలా అడగండి. ఒక్కరే వచ్చి రాసింది రెండో శాఖ ఒప్పుకోదు. హద్దు దగ్గర పేచీ ఉంటే సర్వేయర్ టిప్పన్ (పాత కొలతల పటం) పట్టుకుని రావాల్సి వస్తుంది, అది ఆలస్యమయ్యే పని. పత్తి చేలో ఉండగానే చేయించుకోండి. పత్తి ఏరి కట్టె పీకేశాక అదే చెల్క చూసేవాళ్లకు బీడులా కనిపిస్తుంది, పక్కన హద్దురాళ్లు కూడా ఉన్నాయి కాబట్టి మళ్లీ అనుమానమే.

పోయిన రెండు సీజన్ల డబ్బు వెనక్కి వస్తుందా అంటే, ఆశ పెట్టుకోవద్దు. దరఖాస్తులో మాత్రం తప్పకుండా అడగండి. జాబితా సరి అయితే వచ్చే సీజన్ నుంచి పడటం ఖాయం అనుకోవచ్చు.

కౌంటర్ నం. 3

మీ అమ్మగారి 30 గుంటల సంగతి నేను చెప్తాను. రావాల్సింది సీజన్‌కు 4,500.

మీ ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో గ్రామీణ బ్యాంకు అంటే చాలావరకు పాత ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు). అంతకుముందు నాగార్జున, సంగమేశ్వర గ్రామీణ బ్యాంకులు ఉండేవి, పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ పేర్లే చెప్తారు. ఏపీజీవీబీ తెలంగాణ శాఖలన్నీ 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయాయి. యాసంగి రైతు భరోసా మొదలైంది జనవరి 26న. మీకు రెండు సీజన్లూ పడలేదంటే తేదీలు సరిపోతున్నాయి. ముందుగా ఇదే చూడండి.

రాష్ట్ర ప్రభుత్వం డబ్బు పంపేది ఏఈఓ దగ్గర నమోదైన ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మీద. అక్కడ పాత కోడే ఉంటే డబ్బు బ్యాంకు గడప తొక్కకుండానే తిరిగిపోవచ్చు. అలా తిరిగిపోయిన డబ్బు మీ స్టేట్‌మెంట్‌లో కనిపించదు. మేనేజర్ ‘మాకేం రాలేదు’ అంటే అబద్ధం చెప్పినట్టు కాదు. ఏఈఓను అడగాల్సిన మాట ‘డబ్బు పడిందా’ అని కాదు, ‘బిల్లు పోయిందా, పోయి తిరిగి వచ్చిందా’ అని. పోనేలేదంటే అమ్మగారి భూమి కూడా జాబితాలో లేదన్నమాట, అప్పుడు పైవాళ్లు చెప్పిన దారే. పోయి తిరిగి వచ్చిందంటే బ్యాంకు వివరాలు మార్చాలి.

బ్యాంకులో కొత్త పాస్‌బుక్ వేయించుకోండి. మొదటి పేజీలో కొత్త కోడ్ ఉందో లేదో అక్కడే చూసుకోండి, పాత పుస్తకం మీదే ముద్ర వేసి ఇచ్చేస్తుంటారు. ఆ పేజీ నకలు, ఆధార్, పట్టా పాస్‌బుక్ నకళ్లు ఏఈఓకు ఇచ్చి, ఎదురుగా ఉండి మార్పు చేయించుకోండి. అంకె అంకె చదివి సరిచూసుకోండి, చేత్తో కొట్టేటప్పుడు ఒక సున్నా ఎగిరిపోతే మళ్లీ మొదటికి.

ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. ఇచ్చింది పంట రుణం ఖాతా నంబరా, పొదుపు ఖాతాదా? రుణం ఖాతాది ఇస్తే డబ్బు పడుతుంది, కానీ అప్పులో జమ అవుతుంది, చేతికి రాదు. కేవైసీ గడువు దాటి ఖాతా ఆపేశారా? జీరో బ్యాలెన్స్ కింద పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతా అయితే ఏడాదికి లక్ష దాటి జమ కానివ్వదు. వడ్ల డబ్బో, పత్తి డబ్బో అందులోనే పడితే మిగతావాటికి దారి మూసుకుపోతుంది. ఆధార్, ఫోటో ఇచ్చి మామూలు ఖాతాగా మార్పించుకుంటే సరి.

పాలమూరు మోకా

పంట రుణం బాకీ ఉన్నోళ్లకు భరోసా పైసలు హోల్డ్‌ల పెట్టే మేనేజర్లు గూడ ఉన్నరు. నోటి మాటతోని ఒప్పుకోకండి. ఎందుకు ఆపిండ్రో రాసిమ్మని అడగండి. రాసియ్యడానికి ఎవ్వరూ ముందటికి రారు, సగం అక్కడనే విడుస్తరు. అయినా ఆపితే జిల్లా లీడ్ బ్యాంకు మేనేజర్‌కు దరఖాస్తు ఇయ్యండి.

కౌంటర్ నం. 3

పీఎం కిసాన్ దారి వేరు. అక్కడ ఖాతా నంబరుతో పని లేదు. డబ్బు ఆధార్ మీద పోతుంది. మీ ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకును అనుసంధానం చేశారో అక్కడికి పోతుంది. సిమ్ తీసుకున్నప్పుడు వేలిముద్ర పెట్టించుకుని పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరిచేసిన సందర్భాలు ఉన్నాయి. రెండు విడతలు అందులో పడి ఉన్నా తెలియనివాళ్లు ఉంటారు. అందుకే రైతు భరోసా పడుతున్నంత మాత్రాన కిసాన్‌కు బ్యాంకు అడ్డం లేదని అనుకోకూడదు. మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ నొక్కితే ఏ బ్యాంకో కనిపిస్తుంది, ఆధార్‌కు లింకైన ఫోన్ దగ్గర ఉండాలి.

అది చూశాక పీఎం కిసాన్ పోర్టల్‌లో ‘నో యువర్ స్టేటస్’ దగ్గర రిజిస్ట్రేషన్ నంబరు వేసి చూడండి. ల్యాండ్ సీడింగ్ (భూమి వివరాల అనుసంధానం), ఈ-కేవైసీ, ఆధార్ బ్యాంక్ సీడింగ్. మూడింటిలో ఏది ‘నో’ అని ఉందో ఇక్కడ రాయండి. ఆ మూడింటికి ముగ్గురు వేర్వేరు మనుషుల దగ్గరికి పోవాలి, అందుకని అడుగుతున్నా.

చెల్కరైతు (దేవరకొండ దిక్కు)

చూసినం. ఈ-కేవైసీ ఎస్, ఆధార్ బ్యాంక్ ఎస్, నాన్న ఖాతా ఉన్న యూనియన్ బ్యాంకే చూపెడుతున్నది. ల్యాండ్ సీడింగ్ దగ్గర నో ఉన్నది.

ఇంకో సంగతి. ఈ భూమి ముందు తాత పేరు మీద ఉండె. 2021 ల నాన్న పేరు మీదికి వచ్చింది. దాంతోని ఏమన్నా ఉన్నదా? అమ్మ పేరు కూడా ఎవరో కిసాన్‌ల ఎక్కించినట్టున్నరు, ఆమెకు ఎన్నడూ పడలే.

గట్టుమీది లెక్క

దాంతోనే ఉంది అంతా.

పీఎం కిసాన్‌కు భూమి 2019 ఫిబ్రవరి 1 నాటికి పేరు మీద ఉండాలి. ఆ తర్వాత చేతులు మారిన భూమికి లేదు. ఒక్కటే మినహాయింపు: పట్టాదారు చనిపోయి వారసత్వంగా వస్తే ఇస్తారు. కాబట్టి మీ తాతగారి నుంచి ఎట్లా వచ్చిందన్నదే ప్రశ్న. ఆయన పోయాక విరాసత్ (వారసుల పేరు మీదికి మార్పు) అయితే మీ నాన్నగారు అర్హులు. బతికి ఉండగా దాన పత్రమో, సెటిల్‌మెంటో చేసి ఉంటే అర్హత లేదు, ఎంత తిరిగినా రాదు. పాస్‌బుక్ చూస్తే మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి, 2021 తేదీయే ఉంటుంది. కంప్యూటర్ ఆ తేదీ చూసి ఆపేస్తుంది. అనుమానం ఉన్నవాటిని స్వయంగా పరిశీలించే దాకా ఆపుతామని పోర్టల్‌లోనే నోటీసు పెట్టారు. ‘పైనుంచే ఆగింది’ అన్నమాట అందుకే వచ్చింది, కానీ విప్పాల్సింది కిందనే, మండలంలోనే.

విరాసత్ అయితే తాతగారి మరణ ధ్రువీకరణ పత్రం, విరాసత్ చేసిన ప్రొసీడింగ్ కాపీ, 2019కి ముందు ఆయన పేరు మీద ఉన్న పహాణీ, ఇప్పటి పాస్‌బుక్. ఈ నాలుగూ మండల వ్యవసాయ అధికారికి ఇవ్వండి. ల్యాండ్ సీడింగ్ సరిచేయడం వ్యవసాయ శాఖ లాగిన్ నుంచే. పాత పహాణీ మర్చిపోకండి, తాతగారికి 2019కి ముందే ఉందని చూపేది అదే.

అమ్మగారి పేరు ఉండటం ఇంకో ముడి. ఈ పథకంలో కుటుంబం అంటే భర్త, భార్య, మైనరు పిల్లలు. అందరికీ కలిపి ఏడాదికి ఒక్క 6,000. ఇద్దరి పేర్లూ ఉంటే ఇద్దరివీ ఆపేసే ప్రమాదం ఉంది. ఆమెకు ఎప్పుడూ పడలేదు కాబట్టి తిరిగి కట్టాల్సిందేమీ లేదు. పోర్టల్‌లో స్వచ్ఛందంగా వదులుకునే మీట ఉంది, లేదా వ్యవసాయ అధికారికి రాసివ్వండి. అయితే తొందరపడకండి. నాన్నగారిది దాన పత్రం కేసు అని తేలి, అమ్మగారి 30 గుంటలు 2019కి ముందు నుంచీ ఆమెవే అయితే, వదులుకోవాల్సింది నాన్నగారి పేరు. ఎవరి కాగితం గట్టిదో చూసుకుని రెండోది తీసేయించండి.

ఇంట్లో ఎవరైనా ఆదాయపు పన్ను కడుతున్నా, నెలకు 10,000 లేదా అంతకంటే ఎక్కువ పింఛను వస్తున్నా ఆగుతుంది. పింఛను విషయంలో నాలుగో తరగతి ఉద్యోగులకు మినహాయింపు ఉంది. రైతు భరోసాకు మాత్రం ఈ షరతులేవీ లేవు, అది పట్టా భూమిని బట్టి ఇచ్చేది.

చెల్కరైతు (దేవరకొండ దిక్కు)

తాత 2020 ల పోయిండు. విరాసతే చేసినం. కాయిదాలు ఇంట్ల ఉన్నయి, పాత పహాణీ ఒక్కటి తీయాలె.

ఏఈఓ సార్ రైతు నంబరు తీసుకోమంటున్నరు, పదకొండు అంకెలది. అది లేకనే ఆగినయా? ఇంకోటి, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిల ఇస్తే జల్ది అయితదా?

కౌంటర్ నం. 3

రైతు నంబరు లేకపోవడం వల్ల మీవి ఆగలేదు. ఆ నంబరు ఇచ్చే రైతు రిజిస్ట్రీ నమోదు రాష్ట్రంలో 2025 మే 5న మొదలైంది, మీ ఫిబ్రవరి విడత దానికంటే ముందే ఆగింది. అప్పట్లో రైతు భరోసాకు దానితో ముడి పెట్టలేదు. కానీ పీఎం కిసాన్‌కు ముందు ముందు అదే ఆధారం అవుతుంది కాబట్టి చేయించుకోండి. పాస్‌బుక్, ఆధార్, ఆధార్‌కు లింకైన ఫోన్ పట్టుకుని పోతే ఏఈఓ దగ్గరే అవుతుంది. ఫోన్ నంబరు మారి ఉంటే ముందు ఆధార్ కేంద్రంలో మార్పించుకుని పోండి, లేకుంటే ఓటీపీ వేరేవాళ్లకు పోతుంది. వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైల్ మాత్రం నాన్నగారి ఫోన్లో ఎవర్నీ నొక్కనివ్వకండి, ఖాతా ఊడ్చుకుపోతారు.

పాలమూరు మోకా

ప్రజావాణిల ఇస్తే కలెక్టర్ ఆఫీసు ముద్ర పడి మళ్ల అదే తహసీల్దార్‌కు, అదే మండల వ్యవసాయ అధికారికి వస్తది. ముందే అక్కడికి పోతే ‘మండలంల ఇచ్చినవా’ అని అడుగుతరు. అందుకే మొదలు మండలంల ఇయ్యండి. 121/అ ది ఒకటి, అమ్మ ఖాతాది ఒకటి, కిసాన్‌ది ఒకటి, మూడు వేర్వేరు దరఖాస్తులు. ఒక్క కాయిదం మీద మూడు రాస్తే ఒకటి చూసి మిగిలిన రెండు పక్కకు పెడ్తరు. ఒక్కోదానికి రెండు కాపీలు తీసి, రెండోదాని మీద ముద్ర, తేదీ ఏపించుకోండి. రెండు వారాలైనా మోకా మీదికి ఎవ్వరు రాకపోతే ఆ ముద్ర కాపీతోని సోమవారం కలెక్టరేట్‌కు పోండి. పత్తి పచ్చగున్నప్పుడే చేను, ఎనుక హద్దురాళ్లు రెండూ కనవడేటట్టు ఫోటో తీసి పెట్టుకోండి. ఫోన్ల లొకేషన్ ఆన్ చేసి తీయండి.